నియంత దిగిపోయాక మిగిలినవి: చిలీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చిలీలో సైనిక పాలన 1990 మార్చి 11న ముగిసింది. ఆ దేశం సంగతి ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు, "అయిపోయి ముప్పై అయిదేళ్లు దాటింది, ఇంకా ఎందుకు తవ్వుకోవడం?" అని అడుగుతారు. తవ్వుకోవడం అక్కడ మాటవరసకు వాడే మాట కాదు. పలుగూ పారా పట్టుకుని ఎడారిలో ఏళ్ల తరబడి నిజంగానే తవ్విన ఆడవాళ్లున్నారు. వాళ్లు వెతికింది ఎముకల కోసం. అలా వెతకడం మొదలుపెడితే పింఛను లెక్కల్లో, వాగు నీళ్ల హక్కుల్లో, చట్టసభ ఓట్ల లెక్కింపులో కూడా నియంత పినోచెట్ వేలిముద్రలు కనిపిస్తాయి. ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్నలకు నా జవాబులు ఇవి.

అసలు చిలీలో ఏం జరిగింది?

1970లో సోషలిస్టు నాయకుడు సాల్వడార్ అలెండీ అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మూడు ముక్కలుగా చీలిన ఓట్లలో ఆయనకు వచ్చింది 36 శాతం పైచిలుకు. రాగి గనులను జాతీయం చేశారు, భూసంస్కరణలను వేగవంతం చేశారు. 1973 సెప్టెంబరు 11న సైన్యం తిరగబడింది. అధ్యక్ష భవనం లా మొనెడా మీద సొంత దేశపు యుద్ధవిమానాలే బాంబులు వేశాయి. అలెండీ ఆ భవనంలోనే ప్రాణం తీసుకున్నారు. సైన్యాధిపతి అగస్టో పినోచెట్ పగ్గాలు పట్టుకుని పదహారేళ్లకు పైగా ఏలాడు. పాబ్లో నెరూడా ద్వారా చిలీని ఎరిగిన తెలుగు పాఠకులు చాలామంది. సైనిక కుట్ర జరిగిన పన్నెండు రోజులకు, సెప్టెంబరు 23న ఆ కవి రాజధాని శాంటియాగోలో కన్నుమూశారు. తుపాకుల పహరా మధ్యే జనం ఆయన అంతిమయాత్రలో నడిచారు.

అలెండీ పాలనలో దేశం అల్లకల్లోలమైంది కదా? సైన్యం వేరే దారి లేకే వచ్చిందంటారు.

అల్లకల్లోలం నిజమే. ధరలు మండిపోయాయి, దుకాణాల్లో సరుకులు దొరకలేదు, లారీల యజమానులు సమ్మె చేసి దేశాన్ని స్తంభింపజేశారు. ఆ మంటను ఎగదోయడానికి సీఐఏ ప్రతిపక్షాలకూ పత్రికలకూ డబ్బు అందించిన సంగతిని అమెరికా సెనేట్ కమిటీయే 1975లో బయటపెట్టింది. అయినా ప్రభుత్వం చేతగానిదైతే దించడానికి ఎన్నికలున్నాయి. ధరలు పెరిగాయని మనుషులను కట్టి సముద్రంలో పడేయడాన్ని ఏ లెక్కలోనూ సమర్థించలేం. ఈ ప్రశ్నకు నా జవాబు ఇంతే.

1988లో జనం పినోచెట్‌ను ఓడించారు. అప్పుడే పోలేదా?

తన పాలనను ఇంకో ఎనిమిదేళ్లు పొడిగించుకోవడానికి అతడే ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాడు. ప్రతిపక్షానికి టీవీలో రోజుకు 15 నిమిషాలు ఇచ్చారు, అదీ రాత్రి బాగా పొద్దుపోయాక. అక్టోబరు 5న దాదాపు 56 శాతం మంది 'వద్దు' అన్నారు. భయం నిండిన దేశంలో అలా చెప్పడం ఎంత గుండెధైర్యమో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

అయితే పినోచెట్ ఖాళీ చేసింది అధ్యక్షుడి కుర్చీని మాత్రమే. 1998 మార్చి దాకా సైన్యాధిపతిగా కొనసాగాడు. ఎన్నికైన అధ్యక్షుడికి అతణ్ని తొలగించే అధికారం లేదు. 1993 మేలో అతని కొడుక్కి సైన్యం చెల్లించిన చెక్కుల మీద విచారణ కదిలినప్పుడు, నల్లటోపీల కమాండోలు యుద్ధ దుస్తులతో వచ్చి అధ్యక్ష భవనం సమీపంలోనే ఉన్న సైనిక కార్యాలయం ముందు నిలబడ్డారు. ఒక్క తూటా పేలలేదు. పేల్చాల్సిన అవసరం రాలేదు. రెండేళ్లకు ప్రభుత్వమే రాజ్య ప్రయోజనాల పేరు చెప్పి ఆ కేసును పక్కన పెట్టించింది. 1998లో సైన్యాధిపత్యం అప్పగించిన మర్నాడే పినోచెట్ జీవితకాల సెనేటర్‌గా ప్రమాణం చేశాడు. ఆ హోదాను రాసిపెట్టింది అతని రాజ్యాంగమే.

ఆ రాజ్యాంగంలో అంత మెలిక ఏముంది?

అసలు కథంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1980 సెప్టెంబరు 11న, అంటే కుట్ర జరిగిన ఏడో ఏటి అదే తేదీన, కొత్త రాజ్యాంగాన్ని జనం ఆమోదించినట్టు ప్రకటించారు. ఆ ఓటింగుకు ఓటర్ల జాబితాలే లేవు. కుట్ర తర్వాత సైన్యం వాటిని నాశనం చేసింది. ఆ రాజ్యాంగం వెనక ఉన్న ప్రధాన బుర్ర హైమె గుజ్మాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడిది. రేపు ప్రత్యర్థులు గెలిచినా మనం కోరుకునే దానికి మరీ దూరంగా పోలేకుండా ఆటస్థలమే వాళ్లను కట్టడి చేయాలన్న ఆలోచనను ఆయన 1979లోనే దాపరికం లేకుండా రాశారు.

ఆ కట్టడి ఎలా పనిచేసిందో చూడండి. 1989 ఎన్నికల్లో పినోచెట్‌ను వ్యతిరేకించిన పార్టీల ప్రజాస్వామ్య కూటమి సెనేట్‌లో ఎన్నికైన 38 స్థానాల్లో 22 గెలిచింది. స్పష్టమైన ఆధిక్యం. కానీ ఎన్నికతో పనిలేని నామినేటెడ్ సెనేటర్లు ఇంకో తొమ్మిది మంది ఉన్నారు, వాళ్లు పాత పాలన ఏర్పాటు చేసి వెళ్లినవాళ్లు. మిగతా 16 మందితో ఈ తొమ్మిది మందిని కలిపితే 25. గెలిచినవాళ్లు మైనారిటీ అయిపోయారు.

ఇక ఎన్నిక జరిగే స్థానాల్లో కూడా మెలిక ఉంది. ప్రతి నియోజకవర్గానికి రెండు సీట్లు. రెండూ ఒకే కూటమికి దక్కాలంటే రెండో స్థానంలో ఉన్న కూటమికి రెట్టింపు ఓట్లు రావాలి. రాకపోతే చెరొకటి. శాంటియాగో పశ్చిమ నియోజకవర్గంలో అదే 1989లో రికార్డో లాగోస్‌కు 30 శాతం దాటి ఓట్లు వచ్చాయి. ఆయన ఓడిపోయారు. 17 శాతం వచ్చినాయన గెలిచారు. కారణం, ప్రజాస్వామ్య కూటమి అభ్యర్థులిద్దరికీ కలిపి వచ్చిన సుమారు 62 శాతం, అవతలి జంటకు వచ్చిన 32 శాతం పైచిలుకుకు సరిగ్గా రెట్టింపు కాలేదు. ఆ 17 శాతంతో సెనేట్‌లో అడుగుపెట్టినాయన ఎవరనుకున్నారు? ఆటస్థలం గీసిన హైమె గుజ్మానే. (1991 ఏప్రిల్‌లో సాయుధ వామపక్ష బృందం ఆయనను కాల్చి చంపింది. ఆ హత్యను కూడా నేను సమర్థించను.)

వీటి మీద ఇంకో తాళం. విద్య, ఎన్నికలు, సైన్యం వంటి కీలక విషయాల చట్టాలు మార్చాలంటే మామూలు మెజారిటీ చాలదు, సభలో ఏడింట నాలుగు వంతుల మంది కావాలి. రాజ్యాంగాన్ని మార్చాలంటే ఇంకా ఎక్కువ. అంటే సగానికంటే తక్కువ మంది వద్దంటే చాలు, పాత చట్టం కదలదు.

ఇప్పటికీ అదే రాజ్యాంగమా?

అదే, చాలా మారి. ఓడిపోయిన ఆ లాగోస్ తర్వాత అధ్యక్షుడై 2005లో నామినేటెడ్ సెనేటర్లను రద్దు చేయించారు, సైనికాధిపతులను తొలగించే అధికారాన్ని అధ్యక్షుడికి తిరిగి తెచ్చారు, రాజ్యాంగ ప్రతి మీద పినోచెట్ సంతకం స్థానంలో తన సంతకం పెట్టారు. రెండు సీట్ల ఎన్నికల పద్ధతి 2015లో గానీ పోలేదు. ఏడింట నాలుగు వంతుల తాళం 2023లో గానీ ఊడలేదు. ఒక్కో తాళం తీయడానికి ఒక తరం పట్టింది.

మధ్యలో 2019 వచ్చింది. అక్టోబరులో శాంటియాగో మెట్రో టికెట్ ధర 30 పెసోలు పెరిగింది. బడిపిల్లలు గేట్లు దూకారు, ఆ తర్వాత దేశమంతా వీధిలోకి వచ్చింది. 'ముప్పై పెసోలు కాదు, ముప్పై ఏళ్లు' అన్నది అప్పటి నినాదం. 1990 నుంచి లెక్కపెట్టిన ముప్పై ఏళ్లవి. కొత్త రాజ్యాంగం కావాలా అని 2020 అక్టోబరులో అడిగితే 78 శాతం కావాలన్నారు. ఎన్నికైన 155 మంది కూర్చుని రాశారు. 2022 సెప్టెంబరు 4న ఆ ముసాయిదాను దాదాపు 62 శాతం మంది తిరస్కరించారు. తర్వాత కుడిపక్షాల ఆధిక్యంలో ఇంకో ముసాయిదా తయారైతే, 2023 డిసెంబరు 17న దాన్నీ 55 శాతం పైచిలుకు మంది కాదన్నారు.

అంటే జనం పినోచెట్ రాజ్యాంగాన్నే ఎంచుకున్నట్టు కాదా?

కాదు. వాళ్లు తమ ముందు పెట్టిన రెండు పత్రాలను తిరస్కరించారు, అంతే. మొదటి ముసాయిదాలో 388 అధికరణాలున్నాయి. దేశాన్ని బహుళ జాతుల రాజ్యంగా ప్రకటించడం చాలామందికి మింగుడుపడలేదు. సొంత ఇళ్లు లాక్కుంటారన్న అబద్ధపు ప్రచారమూ జోరుగా సాగింది. రాసినవాళ్లు వీధిలోని ఆవేశాన్ని దేశం మొత్తపు మనసుగా పొరబడ్డారన్నది నా అభిప్రాయం. ఇంత పెద్ద అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో అని తలచుకుంటే బాధేస్తుంది.

దిగిపోయే ముందు హడావుడిగా చట్టాలు చేశారంటారు, నిజమేనా?

నిజం. విద్యను మార్కెట్‌కు వదిలేసే చట్టం ప్రచురితమైన తేదీ 1990 మార్చి 10. మర్నాడు పినోచెట్ అధికారం అప్పగించాడు. 2006లో యూనిఫాంల వల్ల 'పెంగ్విన్లు' అని పేరుపడిన హైస్కూలు పిల్లలు లక్షల్లో రోడ్డెక్కాకే ఆ చట్టాన్ని మార్చే పని మొదలైంది, 2009లో ముగిసింది. ఆ పిల్లల్లో చాలామంది ఆ చట్టం వచ్చాక పుట్టినవాళ్లే.

1989లో ఇంకొకటి చేశారు. తల్లి ప్రాణం మీదికి వచ్చినా సరే గర్భస్రావం చేయకూడదని నిషేధించారు. ఆ నిషేధాన్ని మూడు సందర్భాల్లో సడలించడానికి ప్రజాస్వామ్యానికి 2017 దాకా పట్టింది. ఆ మధ్య కాలంలో ఆసుపత్రి మంచాల మీద ఉన్న ఆడవాళ్ల ఒంటి మీద చెల్లుబాటైంది ఎవరి పాలన?

పింఛనుకూ నియంతృత్వానికీ సంబంధం ఏమిటి?

1980లో కార్మిక మంత్రి హోసె పిన్యేరా పాత సామాజిక పింఛను పద్ధతిని పక్కకు నెట్టి, ప్రతి ఉద్యోగి జీతంలో 10 శాతం ప్రైవేటు పింఛను సంస్థల్లోని సొంత ఖాతాలో జమ అయ్యే విధానం తెచ్చాడు. పార్లమెంటు లేదు, కార్మిక సంఘాలకు నోరు లేదు. అడ్డుచెప్పే వారెవరు? పదవీ విరమణ నాటికి జీతంలో పెద్ద భాగం పింఛనుగా వస్తుందని ఆశ చూపారు. సక్రమంగా ఉద్యోగం లేని వాళ్లకు, పిల్లల కోసం పని మానుకున్న ఆడవాళ్లకు వచ్చింది చాలా కొద్ది. ఇంతటి మహత్తర పథకం నుంచి ఒక వర్గాన్ని మాత్రం మినహాయించారు: సైన్యం, పోలీసులు. వాళ్లది పాత పద్ధతే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉద్యోగులు, ఉపాధ్యాయులు 'సీపీఎస్ రద్దు' అంటూ ఏళ్ల తరబడి చేసిన ధర్నాలు గుర్తున్నవారికి ఈ కథ పరాయిదిగా అనిపించదు. ప్రైవేటు సంస్థలు నడిపే సొంత ఖాతా పింఛనును దేశం మొత్తానికీ వర్తింపజేసిన మొదటి దేశం చిలీయే. మన దగ్గర 2004 నుంచి కేంద్ర ఉద్యోగులకు వచ్చిన కొత్త విధానంలో కూడా సాయుధ బలగాలకు మినహాయింపు ఉంది. కానీ ఇక్కడ ఉద్యోగి ధర్నా చేయగలిగాడు, కోర్టుకు వెళ్లగలిగాడు. 1980 నాటి చిలీ కార్మికుడికి ఆ రెండు దారులూ లేవు.

2025 జనవరిలో చిలీ పార్లమెంటు పెద్ద సంస్కరణ తెచ్చి యజమానుల వాటాను కలిపింది. ప్రైవేటు సంస్థలు మాత్రం అలాగే ఉన్నాయి.

నీళ్ల సంగతి?

1981 జలచట్టం నీటిని భూమి నుంచి విడదీసింది. పొలం ఒకరిది, ఆ పొలం పక్కన పారే నీటి హక్కు ఇంకొకరిది కావచ్చు. ఆ హక్కును ప్రభుత్వం ఉచితంగా, శాశ్వతంగా ఇచ్చేది, పొందినవారు ఇల్లు అమ్ముకున్నట్టు అమ్ముకోవచ్చు.

పెటోర్కా అనే లోయలో దీని ఫలితం కళ్లకు కడుతుంది. కొండ వాలు నిండా పచ్చగా అవకాడో తోటలు, ఎగుమతి కోసం. కింద నది ఇసుక తేలి ఉంది. ఊళ్లోకి ట్యాంకరు వస్తుంది, మనిషికి రోజుకు ఇన్ని లీటర్లన్న లెక్కన. బిందెలు వరసలో పెట్టి ట్యాంకరు కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో అనంతపురం, ప్రకాశం జిల్లాల వారికి నేను చెప్పనక్కరలేదు. తేడా ఒకటే. మన దగ్గర ఆ ఎదురుచూపు ఎక్కువగా వానలు మొహం చాటేసిన ఏడు వస్తుంది. అక్కడ కరవుకు తోడు కాగితం ఉంది. నీటి మీద తాగేవాడి హక్కు కంటే పత్రం ఉన్నవాడి హక్కు పెద్దదని రాసిన కాగితం. మంచినీటికే మొదటి ప్రాధాన్యమని చెప్పే సవరణ పదకొండేళ్లు పార్లమెంటులో నలిగి 2022లో బయటపడింది. అప్పటికే ఇచ్చేసిన హక్కులు చాలావరకు ఇచ్చినట్టే ఉన్నాయి.

సైన్యానికి రాగి డబ్బు వెళ్లేదట?

ప్రభుత్వ రాగి సంస్థ కొడెల్కో ఎగుమతుల రాబడిలో 10 శాతం నేరుగా ఆయుధాల కొనుగోలుకు వెళ్లేది. 1958 నాటి చట్టాన్ని సైనిక ప్రభుత్వం అలా పెంచింది. ఆ చట్టం పాఠాన్నే 2016 దాకా రహస్యంగా ఉంచారు. 2019లో రద్దయింది.

ఎంత చెప్పినా ఆర్థిక వ్యవస్థను నిలబెట్టింది పినోచెట్టే కదా?

ఈ మాట మన దగ్గరా బాగా వినిపిస్తుంది, ముఖ్యంగా 'గట్టి నాయకుడు' కావాలనుకునే వారి నోట. 1982లో చిలీ ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో 13 శాతానికి పైగా కుంగింది. బ్యాంకులు కూలితే మార్కెట్ భక్తులే వాటిని ప్రభుత్వ అధీనంలోకి తీసుకున్నారు. చివరి ఏళ్లలో వృద్ధి పుంజుకున్న మాట వాస్తవం. కానీ 1990లో అతడు దిగేనాటికి ప్రతి పది మందిలో దాదాపు నలుగురు పేదరికంలో ఉన్నారు. ఆ పేదరికం సగానికి పైగా తగ్గింది తర్వాతి ప్రజాస్వామ్య ప్రభుత్వాల కాలంలో. 2004లో అమెరికా సెనేట్ విచారణలో రిగ్స్ బ్యాంకులో అతని రహస్య ఖాతాలు బయటపడ్డాయి. నిజాయతీపరుడైన నియంత అని నమ్మిన అభిమానులు ఎక్కువగా గాయపడింది ఆ వార్తతోనే. మనుషుల మాయం గురించి విని చలించనివారు బ్యాంకు ఖాతాల గురించి విని నొచ్చుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు.

ఎంతమంది చనిపోయారు? ఇంకా వెతుకుతున్నారా?

అధికారిక కమిషన్ల లెక్క ప్రకారం హతులు, అదృశ్యమైనవారు కలిపి 3,200 మంది దాకా. చిత్రహింసలకు, రాజకీయ నిర్బంధానికి గురై బతికి బయటపడినవారు దాదాపు 38,000. మృతదేహం కుటుంబానికి అందనివారు 1,469 మంది. 2023 ఆగస్టు 30న అధ్యక్షుడు గాబ్రియెల్ బోరిక్ జాతీయ అన్వేషణ ప్రణాళికను ప్రారంభించేనాటికి వీరిలో 307 మంది అవశేషాలను మాత్రమే గుర్తించగలిగారు. అప్పటిదాకా వెతికే భారమంతా ఎక్కువగా కుటుంబాలే మోశాయి.

ఉత్తరాన అటకామా ఎడారి అంచున కలామా అనే గనుల పట్టణం ఉంది. 1973 అక్టోబరు 19న హెలికాప్టరులో దిగిన సైనికాధికారుల బృందం అక్కడి జైలులో ఉన్న 26 మందిని బయటికి తీసి చంపింది. శవాలను ఇవ్వలేదు. భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు పారలు పట్టుకుని ఎడారిలోకి నడిచారు. చుట్టూ కనుచూపు మేర ఒకే రంగు నేల, ఎక్కడ మొదలుపెట్టాలి? మట్టి రంగు కొంచెం తేడాగా కనిపించిన చోట తవ్వారు. పదిహేడేళ్ల తర్వాత, 1990లో, గొయ్యి దొరికింది. అందులో దేహాలు లేవు. చేతిలో పట్టేంత ఎముక తునకలు మాత్రం ఉన్నాయి. 1978 చివర్లో లోంకేన్ అనే చోట పాత సున్నపు బట్టీల్లో 15 మంది అవశేషాలు బయటపడడంతో ప్రభుత్వం ఉలిక్కిపడింది. దేశమంతా పాతిపెట్టిన శవాలను యంత్రాలతో పెకలించి మాయం చేయమని ఆదేశం వెళ్లింది. ఆ పనికి సైన్యం పెట్టుకున్న సంకేతనామం 'టెలివిజన్ల తొలగింపు'. యంత్రపు పళ్ల సందుల్లోంచి జారిపడినవే కలామా ఆడవాళ్లకు దక్కాయి.

ఇంకొందరిని రైలు పట్టాల ముక్కలకు కట్టి హెలికాప్టర్ల నుంచి సముద్రంలో పడేశారు. 2004లో న్యాయమూర్తి హువాన్ గుజ్మాన్ ఆదేశంతో ఈతగాళ్లు కింతేరో అఖాతం అడుగు నుంచి ఆ ఇనుప ముక్కలను పైకి తెచ్చారు. ముప్పై ఏళ్ల ఉప్పు పేరుకుని ఉన్నాయి. ఒకదానికి చొక్కా గుండీ అంటుకుని ఉంది. మనిషి కరిగిపోయాడు, బట్ట కరిగిపోయింది, గుండీ మిగిలింది. వాటిని విల్లా గ్రిమాల్డిలో, ఒకప్పటి చిత్రహింసల కేంద్రంలో, భద్రపరిచారు.

వెతికి ఇచ్చిన చోట కూడా ప్రభుత్వం రెండోసారి గాయం చేసింది. శాంటియాగో శ్మశానంలో 29వ విభాగం నుంచి తవ్వితీసిన వారిలో 96 మందిని గుర్తించామని కుటుంబాలకు అప్పగించారు. వాళ్లు అంత్యక్రియలు చేసుకున్నారు, సమాధి దగ్గరికి పూలు తీసుకెళ్లారు. ఆ గుర్తింపుల్లో 48 తప్పని 2006లో చెప్పారు.

ఆ కుటుంబాలు సైనిక పాలన కాలంలో గొంతు ఎలా విప్పాయి?

కుట్టుపనితో. గోనెగుడ్డ మీద పాత బట్టల ముక్కలు అతికి కుట్టే బొమ్మలు అవి, అర్పియేరాలు అంటారు. మన ఇళ్లలో పాత చీరలతో బొంతలు కుట్టినట్టే చేతికందిన గుడ్డపేలికలతో. పైన ఆండీస్ కొండలు, ఎండ, రంగురంగుల ఇళ్లు. కాస్త దగ్గరగా చూస్తే తలుపు ముందు పోలీసు బండి, 'ఎక్కడున్నారు?' అని రాసిన గుడ్డముక్క. కొందరు మాయమైన భర్త చొక్కా ముక్కనే వాడారు. కార్డినల్ రావుల్ సిల్వా ఎన్రీకెస్ 1976లో నెలకొల్పిన చర్చి సంస్థ వాటిని దేశం దాటించి అమ్మింది. జంటగా రుమాళ్లు ఊపుతూ ఆడే జాతీయ నృత్యం క్వెకాను ఈ ఆడవాళ్లు గుండె మీద భర్త ఫోటో పెట్టుకుని ఒంటరిగా ఆడారు.

నేరస్తులకు శిక్షలు పడ్డాయా?

ఆలస్యంగా, కొందరికి. 1978లో సైన్యం తనకు తానే క్షమాభిక్ష చట్టం రాసుకుంది. ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేకపోయారు, కానీ న్యాయమూర్తులు ఒక దారి కనుక్కున్నారు. దేహం దొరకనంత కాలం హత్య అనలేం, అది కొనసాగుతున్న అపహరణ, కాబట్టి 1978తో ముగిసిన నేరం కాదు అని. హంతకులు శవాలను మాయం చేసిన తెలివే వాళ్ల మెడకు చుట్టుకుంది.

గట్టి మలుపు మాత్రం లండన్‌లో వచ్చింది. 1998 అక్టోబరు 16న స్పెయిన్ న్యాయమూర్తి బల్తసార్ గార్సోన్ వారంటు మీద పినోచెట్‌ను అక్కడ అరెస్టు చేశారు. 503 రోజుల నిర్బంధం తర్వాత ఆరోగ్యం బాగాలేదని వదిలారు. శాంటియాగో విమానాశ్రయంలో చక్రాల కుర్చీలోంచి లేచి నిలబడి స్వాగతం అందుకున్నాడు. 2006 డిసెంబరు 10న, ప్రపంచ మానవ హక్కుల దినాన, ఒక్క శిక్షా పడకుండానే పోయాడు. రహస్య పోలీసు అధిపతి మాన్యువల్ కోంత్రేరాస్ మాత్రం వందల ఏళ్ల శిక్షల మధ్య 2015లో మరణించాడు. గాయకుడు విక్టర్ హారా హత్య కేసులో తుది తీర్పు 2023 ఆగస్టులో వచ్చింది. హత్య జరిగిన యాభై ఏళ్లకు. శిక్షపడిన సైనికాధికారుల కోసం 1995లో పుంటా పెయుకో అనే ప్రత్యేక జైలు కట్టారు, అందులోని వసతుల మీద బాధితులు ఎన్నేళ్లుగా మండిపడుతున్నారో.

చిత్రహింసల బాధితులు కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలాలను 50 ఏళ్ల పాటు మూసిపెట్టాలని 2004లో చట్టం చేసింది ప్రజాస్వామ్య ప్రభుత్వమే. ఇది నాకు ఎంతమాత్రం ఒప్పుదల కాని విషయం. బాధితుల గోప్యతను కాపాడాలంటే వాళ్లను అడిగి పేర్లు దాచవచ్చు. కానీ ఈ మూత కింద నేరస్తుల పేర్లు కూడా దాగిపోయాయి.

పోలీసులు మారారా?

తగినంతగా మారలేదు. పోలీసు దళం కరబినేరోస్ అధిపతి 1973 సైనిక మండలిలో ఒక సభ్యుడు. ఆ దళం రక్షణ శాఖ నుంచి హోం శాఖ కిందికి వచ్చింది 2011లో. 2019 నిరసనల్లో వాళ్లు పేల్చిన గుళ్లకు, బాష్పవాయు గోళాలకు నాలుగు వందల మందికి పైగా కళ్లకు గాయాలయ్యాయని జాతీయ మానవ హక్కుల సంస్థ నమోదు చేసింది. దక్షిణాన భూముల కోసం పోరాడే మపూచే ఆదివాసులపై 1984 నాటి ఉగ్రవాద వ్యతిరేక చట్టాన్ని ప్రజాస్వామ్య ప్రభుత్వాలే ప్రయోగించాయి. అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2014లో దాన్ని తప్పుపట్టింది.

అయినా జనం మళ్లీ పినోచెట్ అభిమానినే ఎన్నుకున్నారు కదా?

2025 డిసెంబరులో హోసె ఆంటోనియో కాస్ట్ దాదాపు 58 శాతం ఓట్లతో గెలిచారు. 1988లో విద్యార్థిగా ఉన్నప్పుడు పినోచెట్ కొనసాగాలన్న ప్రచారంలో పాల్గొన్న వ్యక్తి. ఆయన అన్న మిగుయెల్ కాస్ట్ ఆ ప్రభుత్వంలో మంత్రి. ఓటు వేసిన వారందరూ నియంతృత్వాన్ని కోరుకున్నారని నేననను. నేరాల భయం, వలసల మీద కోపం ఆ ఎన్నికను నడిపించాయి. కానీ ఆ పాలన పట్ల మెతకదనం ఓట్లకు అడ్డం కాకపోవడం చిన్న విషయం కాదు. బడిలో ఆ చరిత్రను తలవంచుకుని గబగబా దాటేసిన ఫలితం ఇది అని నా నమ్మకం.

మన ఎమర్జెన్సీతో పోల్చవచ్చా?

కొంతవరకే. మనది 21 నెలలు. 1977లో ఓడినవారు దిగిపోయారు, సైన్యం ఎటూ కదలలేదు. 1978లో 44వ సవరణతో 'అంతర్గత కల్లోలం' అన్న సాకును రాజ్యాంగం నుంచి తీసేశారు. చిలీవాళ్లకు పాతికేళ్లు పట్టిన పని మనకు ఏడాదిన్నరలో జరిగింది. నియంతృత్వం రాజ్యాంగం రాసుకునేంత కాలం నిలవలేదు కాబట్టి.

కానీ ఒక్క పేరు తలచుకుంటే పోలిక గుండెకు తగులుతుంది. కేరళలో ఇంజినీరింగ్ విద్యార్థి రాజన్‌ను 1976 మార్చిలో పోలీసులు పట్టుకెళ్లారు. కక్కయం శిబిరంలో చనిపోయాడు. దేహం ఇప్పటికీ దొరకలేదు. తండ్రి ఈచర వారియర్ కడదాకా అడుగుతూనే వెళ్లిపోయారు. ఆయన్ని కలామా ఆడవాళ్ల పక్కన నిలబెట్టి చూడండి. ఇక ముందస్తు నిర్బంధమంటారా, ఎమర్జెన్సీకి ముందూ ఉంది, తర్వాతా ఉంది. పీడీ యాక్టు అన్న మాట తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కాదు.

శాంటియాగో వెళితే ఏం చూడాలి?

2010లో తెరిచిన జ్ఞాపకాల, మానవ హక్కుల మ్యూజియం చూడండి. దాన్ని ప్రారంభించిన అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్ స్వయంగా విల్లా గ్రిమాల్డిలో ఖైదీగా ఉన్నారు. ఆమె తండ్రి, వైమానిక దళ జనరల్, 1974లో జైలులో మరణించారు.

సమయం ఒక్క గంటే ఉంటే మాత్రం ఊరి నడిబొడ్డున లండన్ వీధి 38వ నంబరు ఇంటికి వెళ్లండి. చిత్రహింసల ఇల్లు అది. సంగతి బయటకు పొక్కాక గుమ్మం మీది నంబరును 40గా మార్చేశారు. కళ్లకు గంతలు కట్టి తెచ్చినవాళ్లకు గంత కింది సందులోంచి కనిపించింది నేల ఒక్కటే, నలుపు తెలుపు పలకల నేల. బతికి బయటపడినవాళ్లు తర్వాత ఆ పలకలను చూసే ఇంటిని గుర్తుపట్టారు. గుమ్మం బయట కాలిబాట రాళ్ల మధ్య చిన్న చిన్న ఫలకాలున్నాయి. ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక వయసు. ఎక్కువ మంది ఇరవైల్లో ఉన్నవాళ్లు. నంబరు ఇప్పుడు మళ్లీ 38.